మా నాన్నకి ఆ మెషిన్ ఎక్కడ దొరుకుతుంది?

2018లో నేను బీటెక్ మూడో ఏడాది. బ్లాగ్ మొదలుపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఫోన్ రివ్యూలు, పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకోవడం ఎలా లాంటివి రాసుకుంటూ ఉండేవాణ్ని. ఆ ఫిబ్రవరిలో ఒక వార్త కంటపడింది. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు మనుషుల మెదడుకి చిన్నగా కరెంటు ఇచ్చి జ్ఞాపకశక్తిని 15 శాతం పెంచారట. అసలు పేపర్ నేను తెరవనే లేదు. వార్త చదివి అరగంటలో పోస్టు కొట్టేశాను. హెడ్డింగ్: ‘మెదడుకి ర్యామ్ అప్‌గ్రేడ్ వచ్చేసింది!’ ఆ ప్రాజెక్టు పేరు కూడా ర్యామే కావడంతో, పంచ్ భలే కుదిరిందని నాలో నేనే మురిసిపోయాను.

రోజుకి వంద మంది వస్తే గొప్ప అనుకునే బ్లాగ్‌కి ఆ పోస్టుతో వేలల్లో వచ్చారు. నాలుగో రోజు ఒక మెయిల్. ఖమ్మం జిల్లా నుంచి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు. ‘సర్, మా నాన్నకి రెండేళ్ల నుంచి మతిమరుపు. పొలానికి పోయి, తిరిగి ఇంటికి దారి తెలియక గట్టు మీద నిలబడిపోతున్నాడు. మీరు రాసిన మెషిన్ ఎక్కడ దొరుకుతుంది? ఎంత అవుతుంది? ఎకరం అమ్మడానికైనా రెడీగా ఉన్నాం.’

నాకప్పుడు ఇరవై ఏళ్లు. నన్ను సర్ అన్నాడు. ‘ఇంకా రీసెర్చ్ దశలో ఉంది అండి’ అని ఒక ముక్క రాసి పంపేశాను. ఆ రాత్రే మొదటిసారి అసలు పేపర్ డౌన్‌లోడ్ చేసుకుని చదివాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగంతోనే సిగ్గేసింది.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, 2024 జనవరిలో న్యూరాలింక్ వాళ్లు మొదటిసారి మనిషి మెదడులో చిప్ పెట్టినప్పటి నుంచీ జూనియర్ల మెసేజ్‌లు ఆగడం లేదు. ‘అన్నా, న్యూరోటెక్‌లో పీహెచ్‌డీ చేస్తే ఎలా ఉంటుంది?’ ‘మెమరీ చిప్ మీద పని చేయాలంటే ఏ కోర్సు?’ న్యూరాలింక్ చిప్ జ్ఞాపకశక్తి కోసం కాదు. కాళ్లూ చేతులూ కదలని వాళ్లు ఆలోచనతో కంప్యూటర్ కర్సర్‌ని కదపడానికి. అది వేరే కథ. జ్ఞాపకశక్తి మీద జరుగుతున్న అసలు పరిశోధన ఎలా ఉంటుందో, దానికి మీరు మీ జీవితంలో ఐదారేళ్లు ఎందుకు ఇవ్వచ్చో, ఎందుకు ఇవ్వకూడదో నాకు తెలిసినంతలో చెబుతాను. మీరు మాత్రం నాలాగా అరగంటలో తేల్చేయకండి.

పన్నెండు మాటలు

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ పరిశోధన కోసం ఎవరి పుర్రెనీ తెరవరు. తెరవడానికి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు కూడా. మూర్ఛ జబ్బు ఉండి, మందులకి లొంగని వాళ్లకి ఆపరేషన్ చేయాలంటే ఫిట్స్ మెదడులో సరిగ్గా ఎక్కడ మొదలవుతున్నాయో డాక్టర్లకి తెలియాలి. స్కాన్‌లో తేలకపోతే మెదడు మీదా, లోపలా ఎలక్ట్రోడ్లు అమర్చి, ఒకటి రెండు వారాలు ఆస్పత్రిలోనే ఉంచుతారు. ఫిట్స్ రావాలి కాబట్టి మందులు తగ్గిస్తారు. తలకి కట్టు, ఆ కట్టులోంచి వైర్ల జడ, ఎదురుగా ఇరవై నాలుగు గంటలూ కెమెరా. పేషెంట్ చేసేదల్లా ఫిట్స్ ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడడమే.

ఆ ఎదురుచూపుల్లో ఒక పీహెచ్‌డీ స్టూడెంట్ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి, ‘మీకు ఇష్టమైతే ఒక చిన్న ఆట ఆడదామా?’ అని అడుగుతాడు. సంతకం చేస్తేనే ఆట. ఎప్పుడు వద్దన్నా అప్పుడే ఆపేస్తారు. స్క్రీన్ మీద ఒక్కొక్కటిగా 12 మాటలు వస్తాయి. సంబంధం లేని మాటలు. మనకైతే గొడుగు, చెరువు, అద్దం, మేక అనుకోండి. అవి అయిపోగానే చిన్న చిన్న కూడికలు ఇస్తారు, మాటలని మనసులో వల్లె వేసుకోకుండా. తర్వాత 30 సెకన్లు. గుర్తున్న మాటలు ఏ వరసలోనైనా చెప్పచ్చు. అలాంటి లిస్టులు ఒక్క సెషన్‌లో ఇరవై ఐదు. అంటే 300 మాటలు.

ఈ ఆటలో ఏముంది అనిపిస్తుంది. కిటుకు వెనక్కి వెళ్లి చూడడంలో ఉంది. ‘చెరువు’ అన్న మాట గుర్తొచ్చింది, ‘అద్దం’ రాలేదు. సరే, ఆ రెండు మాటలూ స్క్రీన్ మీద ఉన్న ఆ ఒకటిన్నర సెకన్లలో మెదడు ఏం చేస్తూ ఉంది? రికార్డింగ్ మన దగ్గరే ఉంది. గుర్తున్న మాటలన్నీ ఒక కుప్ప, మరిచిపోయినవి ఇంకో కుప్ప పోసి పోల్చి చూస్తే తేడా కనబడుతుంది. గుర్తుండబోయే మాట దగ్గర మెదడులో చాలా చోట్ల వేగమైన తరంగాల బలం పెరుగుతుంది, నెమ్మదిగా ఊగే తరంగాల బలం తగ్గుతుంది. అంటే, మీరు ఒక మాటని గుర్తుంచుకుంటారో లేదో మీకంటే ముందే, మీరు దాన్ని చదువుతున్నప్పుడే, కొంతవరకు ఊహించచ్చు.

‘కొంతవరకు’ అన్న మాట కింద గీత గీయండి. బొమ్మా బొరుసా వేసి చెప్పడం కంటే నయం. అంతే. దాదాపు ఈ రంగమంతా ఆ ‘కంటే నయం’ మీద నిలబడి ఉంది.

పెన్సిల్వేనియాలో మైకేల్ కహానా బృందం చేసింది దీనికి ఒక అడుగు ముందుకి. యూసెఫ్ ఎజ్జియాత్ తదితరులు రాసిన 2018 పేపర్ అదే. మెదడు మాటని సరిగ్గా పట్టుకోవడం లేదని కంప్యూటర్ అనుకున్న క్షణంలోనే, ఎడమ కణత వైపు ఉండే టెంపోరల్ కార్టెక్స్‌లో అర సెకను పాటు చిన్న కరెంటు ఇస్తారు. మెదడు బాగానే పనిచేస్తోందనుకుంటే ముట్టుకోరు. 25 మంది పేషెంట్లు. సరైన చోట కరెంటు ఇచ్చినప్పుడు గుర్తొచ్చిన మాటలు సగటున 15 శాతం పెరిగాయి.

ఇప్పుడు నా పాత హెడ్డింగ్ పక్కన పెట్టి లెక్క వేద్దాం. పన్నెండులో నాలుగు మాటలు చెప్పగలిగే మనిషి అనుకోండి. 15 శాతం పెరిగితే నాలుగున్నర పైచిలుకు. సగటున, సగం మాట ఎక్కువ. ఇది చిన్న విషయమని అనడం లేదు. మనిషి మెదడు లోపలికి వెళ్లి, సరిగ్గా తడబడే క్షణాన్ని పట్టుకుని చెయ్యందించడం సాధ్యమేనని చూపించారు. సైన్సుగా అది చాలా పెద్ద సంగతి. కానీ పొలం గట్టు మీద దారి మరిచిపోయిన పెద్దాయనకి దాంతో సంబంధం లేదు. ఆ 25 మందికీ ఉన్నది మూర్ఛ. ఆయనకి ఉన్నది బహుశా ఇంకేదో. వాళ్ల తలలో ఎలక్ట్రోడ్లు ఉన్నది వేరే చికిత్స కోసం. పరీక్షించింది మాటల లిస్టులు, ఇంటిదారి కాదు. ఈ మూడు వాక్యాలు నేను ఆ రోజే రాయాల్సింది.

ముందుకో అడుగు, వెనక్కో అడుగు

కాలేజీలో మనకి జ్ఞాపకశక్తి అంటే హార్డ్ డిస్క్ అని నేర్పించారు. నేర్పించారంటే సిలబస్‌లో కాదు, అలవాటులో. ఇంటర్‌లో తెల్లారి నాలుగింటికి లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి బట్టీ పట్టించారే, అదంతా ‘కాపీ, పేస్ట్’ నమ్మకమే. ఈ నమ్మకానికి మొదటి పెద్ద దెబ్బ ఒక మనిషి వల్ల తగిలింది. హెన్రీ మోలైసన్. బతికున్నంత కాలం పుస్తకాల్లో ఆయన పేరు హెచ్.ఎం. అనే ఉండేది. 1953లో విలియం స్కోవిల్ అనే సర్జన్ మూర్ఛ తగ్గించడానికి ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగాన్ని తీసేశాడు. ఫిట్స్ తగ్గాయి. కానీ ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ ఆయనకి నిలవలేదు. ఇప్పుడు మాట్లాడిన మనిషి బయటికి వెళ్లి మళ్లీ వస్తే కొత్త మనిషే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన్ని అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయమంది. రోజురోజుకీ చెయ్యి తిరిగింది. కానీ ప్రతిరోజూ ‘ఇది నేనెప్పుడూ చేయలేదే’ అనేవాడు. చేతికి గుర్తుంది, మనిషికి గుర్తులేదు. జ్ఞాపకం అన్నది ఒకే గదిలో ఉండే సామాను కాదని అప్పుడు తెలిసింది. ఆయన 2008లో పోయాడు. అంటే యాభై ఏళ్లకి పైగా, తనకి గుర్తు కూడా ఉండని పరీక్షలకి కూర్చుంటూనే ఉన్నాడు.

మరి హిప్పోక్యాంపస్ అంత ముఖ్యమైతే, కరెంటు అక్కడే ఇస్తే సరిపోదా? అందరికీ అదే అనిపించింది. 2012లో లాస్ ఏంజెలెస్‌లో నాంతియా సుతానా, ఇట్జాక్ ఫ్రీడ్ బృందం ఏడుగురు పేషెంట్లకి వీడియో గేమ్ లాంటి ఊళ్లో దారులు నేర్పించింది. హిప్పోక్యాంపస్‌కి గుమ్మంలా ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్‌లో కరెంటు ఇస్తే దారులు బాగా గుర్తున్నాయి. పేపర్లు పండగ చేసుకున్నాయి. 2016లో జాషువా జేకబ్స్ తదితరులు 49 మంది మీద చూస్తే ఫలితం తిరగబడింది. హిప్పోక్యాంపస్‌లోనూ, ఎంటోరైనల్ దగ్గరా కరెంటు ఇస్తే జ్ఞాపకం తగ్గింది! 2017లో కహానా బృందం ఈ ముడిని కొంత విప్పింది. ఎక్కడ ఇస్తున్నామన్నదే కాదు, ఎప్పుడు ఇస్తున్నామన్నదీ ముఖ్యం. మెదడు తడబడుతున్నప్పుడు ఇస్తే మేలు, బాగా పనిచేస్తున్నప్పుడు ఇస్తే చెడగొడుతుంది. చక్కగా బండి నడుపుతున్నవాడి స్టీరింగ్ పక్కనుంచి పట్టుకుని లాగితే ఏమవుతుందో మీకు తెలుసు కదా.

మీరు గమనించారో లేదో, ఐదేళ్లలో ఒకే ప్రశ్నకి అవును, కాదు, పరిస్థితిని బట్టి అని మూడు జవాబులు వచ్చాయి. ఒక్కో జవాబు వెనక కొందరి పీహెచ్‌డీలు ఉన్నాయి. 2012లో చేరిన వాడు మొదటిదాన్ని నమ్మి మొదలుపెట్టి, రెండోదాన్ని చూసి కుప్పకూలి, మూడోదాన్ని రాస్తూ బయటికి వచ్చి ఉంటాడు. ఇది మీకు ఉత్సాహంగా అనిపిస్తే ముందుకి చదవండి. అన్యాయంగా అనిపిస్తే తప్పేం లేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మంచిదే. నేనూ అదే చేస్తున్నాను.

మా సీనియర్ అక్క ఏమందంటే

మా కాలేజీ ఈసీఈ సీనియర్ ఒకామె అమెరికాలో ఈ రంగంలోనే పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉంది. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు కలిశాను. కోడ్, మోడల్స్, జీపీయూల గురించి అడుగుదామని ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. ఆమె చెప్పిందంతా వార్డు గురించే.

‘పొద్దున్నే ఎనిమిదింటికి బండి తోసుకుంటూ వెళ్తాను. పేషెంట్‌కి రాత్రి ఫిట్స్ వచ్చుంటే ఆ రోజు పని లేదు. నిద్రపోతుంటే లేపకూడదు. వాళ్లమ్మ వచ్చి కూర్చుంటే మధ్యలో మాటలు. డాక్టర్ రౌండ్స్‌కి వస్తే మనం బయటికి. ఇన్ని దాటి ఒక సెషన్ దొరికితే, అందులో పది లిస్టులకి అలసిపోయాను అంటారు. ఆపేసి థాంక్యూ చెప్పి వచ్చేస్తాను’ అంది. నెలకి ఒక్క పేషెంట్ కూడా రాని రోజులున్నాయట. ‘నీకు తెలుసా, ఒకాయన అడిగాడు, నేను ఈ ఆట బాగా ఆడితే నాకేమైనా తగ్గుతుందా అని. తగ్గదండీ, మీ తర్వాత వచ్చేవాళ్లకి పనికిరావచ్చు అన్నాను. అయితే రెండోసారి కూడా ఆడదాం అన్నాడు.’ ఇది చెప్పి ఆమె కాసేపు టీ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇక్కడే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మన ఇంజినీర్లకి డేటా అంటే డౌన్‌లోడ్ బటన్. ఈ రంగంలో డేటా అంటే ఒక మనిషి, తన జీవితంలో అతి కష్టమైన వారంలో, తనకి ఏ లాభమూ లేకుండా ఇచ్చిన గంట. ఆ వార్డులో కూర్చోని వాడు ఈ డేటా మీద మోడల్ కట్టకూడదని నేను అనను. రికార్డింగులు చాలా వరకు పేర్లు తీసేసి అందరికీ అందుబాటులో పెడుతున్నారు కాబట్టి ఇంట్లో కూర్చుని కూడా కట్టచ్చు. కానీ ఎలక్ట్రోడ్లు ఎక్కడ పెట్టాలో పరిశోధకుడు నిర్ణయించడు, జబ్బు నిర్ణయిస్తుంది. ఒకరి మెదడులో ఉన్నచోట ఇంకొకరికి ఉండవు. మందుల డోసు రోజురోజుకీ మారుతుంది. ఇవి తెలియకుండా అల్గారిథమ్ వేస్తే, జ్ఞాపకాన్ని కనిపెట్టాననుకుని మత్తుమందు డోసుని కనిపెడతారు.

లెక్క కూడా చూడండి, మీరు ఇంజినీర్లే కదా. సుమారు వంద ఎలక్ట్రోడ్లు, ఒక్కోదాంట్లో ఎనిమిది ఫ్రీక్వెన్సీల బలం. 800 కాలమ్‌లు. మాటలు 300. అంటే రోల కంటే కాలమ్‌లు ఎక్కువ. మెషిన్ లెర్నింగ్ మొదటి సెమిస్టర్ చదివిన వాడికైనా ఇక్కడ ఒళ్లు జలదరించాలి. ఇలాంటి చోట ఏ మోడలైనా ఉన్న డేటాని అచ్చంగా బట్టీ పట్టేస్తుంది, కొత్త డేటా రాగానే చేతులెత్తేస్తుంది. మన ఇంటర్ చదువులాగే. అందుకే వాళ్లు వాడింది డీప్ లెర్నింగ్ కాదు, పెనాల్టీ వేసిన మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్. ఒక సెషన్‌ని పక్కన దాచిపెట్టి దాని మీద పరీక్షిస్తారు. ఇంత పెద్ద వార్త వెనక ఉన్నది మీ మూడో ఏడాది ల్యాబ్ మాన్యువల్‌లో ఉన్న మోడలేనని తెలిస్తే కొందరికి నిరాశ. నాకు మాత్రం ధైర్యం వచ్చింది.

చేరాలనుకుంటే

అమెరికాలో ఈ పీహెచ్‌డీలకి మామూలుగా ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు, ఐదారేళ్లు పడుతుంది. ఎంఎస్‌లాగా అప్పు చేసి వెళ్లే చదువు కాదు. ఫండింగ్ పరిస్థితి ఏటికేడు మారుతుంది కాబట్టి చేరబోయే ల్యాబ్‌లో ఇప్పుడున్న స్టూడెంట్‌ని అడిగి తెలుసుకోండి, ఏజెంట్‌ని కాదు. ఇక్కడే చేయాలంటే చోటు లేదనుకోకండి. హైదరాబాద్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. బెంగళూరులో ఐఐఎస్‌సీ, నిమ్హాన్స్, మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, కాన్పూర్ ఐఐటీలో కాగ్నిటివ్ సైన్స్ విభాగం. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు. మీ క్లాస్‌మేట్ మొదటి జీతంతో పోల్చుకుంటారు, తప్పదు. అమ్మ కూడా పోలుస్తుంది. ఆ సంభాషణకి ముందే సిద్ధంగా ఉండండి.

నాలుగైదు నెలల్లో తేల్చుకునే దారి ఒకటి చెబుతాను. పైథాన్ వచ్చు కదా, ఎంఎన్‌ఈ అనే ఉచిత ప్యాకేజీ నేర్చుకోండి. ఓపెన్‌న్యూరోలో నిజమైన రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి. ఒకదాన్ని తెరిచి, గుర్తున్న మాటలకీ, మరిచిపోయిన మాటలకీ తేడా మీ కళ్లతో మీరే చూడగలరేమో ప్రయత్నించండి. వేసవిలో న్యూరోమ్యాచ్ అకాడమీ ఆన్‌లైన్ కోర్సు ఉంటుంది. తేడా కనబడక మూడు వారాలు తల పట్టుకుని, నాలుగో వారం కూడా తెరవాలనిపిస్తే, అప్పుడు అప్లై చేయండి.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ ‘అన్నా, మెమరీ పెంచే హెడ్‌బ్యాండ్ కొననా?’ అని అడిగేవాళ్లకి ఒక్క మాట. కొనకండి. పుస్తకం మూసేసి, ఇప్పుడు చదివింది కాగితం మీద రాయండి. రాని చోట మళ్లీ తెరవండి. మళ్లీ మళ్లీ చదవడం కంటే గుర్తుచేసుకోవడమే ఎక్కువ రోజులు నిలుపుతుందని 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాల్లో తేలింది. దీనికి కరెంటు బిల్లు కూడా రాదు.

తాళం చెవులు

ఇప్పుడు అసలు నన్ను తొలుస్తున్న సంగతి. ఈ పరిశోధన అంతా మూర్ఛ ఉన్నవాళ్ల పుణ్యాన నడుస్తోంది. మరి మన దగ్గర వాళ్ల పరిస్థితేంటి?

హాస్టల్లో నా రూమ్మేట్‌కి మెస్ లైన్‌లో ఫిట్స్ వచ్చాయి. పళ్లెం పడిన చప్పుడు, తర్వాత వాడు. ఎవరో ‘తాళాలు, తాళాలు’ అని అరిచారు. నేనే నా జేబులో గది తాళాలు తీసి వాడి పిడికిట్లో కుక్కాను. ఇంకొకడు పళ్ల మధ్య స్పూన్ పెట్టాడు. ఫిట్స్ వాటంతట అవే ఆగాయి. స్పూన్‌కి ముందు పన్ను విరిగింది. రేపటి ఇంజినీర్లం, యాభై మందిమి ఉన్నాం అక్కడ. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగవనీ, నోట్లో ఏదీ పెట్టకూడదనీ, పక్కకి తిప్పి పడుకోబెట్టి తల కింద మెత్తగా ఏదైనా పెట్టి టైమ్ చూసుకోవాలనీ, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలనీ ఒక్కడికీ తెలియదు.

ఆ రాత్రి వాడు నా చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే. ‘ఎవరికీ చెప్పకురా. అక్కకి సంబంధాలు చూస్తున్నారు.’ విటమిన్ డబ్బాలో మూర్ఛ మాత్రలు దాచుకుని వేసుకుంటున్నాడట, అదీ రోజూ కాదు, ఎవరూ చూడనప్పుడు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే వెసులుబాటు 1999 దాకా ఉండేది. ఆ ఏడాది తీసేశారు. చట్టంలోంచి తీశారు, సంబంధాలు కుదిర్చే మాటల్లోంచి ఇంకా పోలేదు. సరైన వైద్యం అందితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా బతకచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మిగిలినవాళ్లలో కొందరికి ఆపరేషన్ పనికొస్తుంది. తిరువనంతపురంలో శ్రీచిత్ర ఇన్‌స్టిట్యూట్ 1995 నుంచి చేస్తోంది, మన హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తారు. కానీ విటమిన్ డబ్బాలో దాక్కున్న జబ్బు అక్కడిదాకా ఎలా వస్తుంది?

అందుకే న్యూరోటెక్ అంటూ నాకు మెసేజ్ పెట్టేవాళ్లతో నేను కొంచెం కటువుగా మాట్లాడుతున్నాను ఈ మధ్య. మెదడులో చిప్ గురించి రెండు గంటల పాడ్‌కాస్ట్ వింటారు. పక్క మంచం మీద ఉన్నవాడికి ఫిట్స్ వస్తే ఏం చేయాలో రెండు నిమిషాలు చదవరు. మొదటిది తెలియకపోతే నష్టం లేదు.

ఎలక్ట్రోడ్లు లేకుండా కూడా జ్ఞాపకం మీద పెద్ద పని జరిగింది, అదీ మన ఊళ్లోనే. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలు చూసి 2013లో ఒక పేపర్ రాసింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు లక్షణాలు ఒకే భాష వాళ్లకంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్లని వాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. ఇది హైదరాబాద్‌లోనే సులువుగా చేయగలిగిన పని. చదువు లేకపోయినా తెలుగు, ఉర్దూ రెండూ ధారాళంగా మాట్లాడే కూరగాయల అమ్మ అమెరికాలో ఎక్కడ దొరుకుతుంది? మన దగ్గర ఉన్న ప్రశ్నలు మనమే అడగాలి. తెలుగులో మాటల లిస్టు తయారుచేయాలంటే ఏ మాట ఎంత తరచుగా వాడతాం, కోస్తాలో తెలిసిన మాట తెలంగాణలో తెలుసా లాంటివన్నీ తేల్చాలి. ఇది కూడా పీహెచ్‌డీ పనే. గ్లామర్ ఉండదు, అంతే.

పోయిన నెల ఆ పాత మెయిల్ వెతికి పట్టుకుని జవాబు రాశాను. ఏడేళ్లు ఆలస్యంగా. నేను రాసిన మెషిన్ మీ నాన్నగారి కోసం చేసింది కాదని, ఆ రోజు నేను సరిగ్గా చదవకుండా రాశానని చెప్పాను. మతిమరుపు అన్నీ ఒకటి కాదని, బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా రావచ్చని, అవి మామూలు రక్తపరీక్షతో తెలిసి మందులకి తగ్గుతాయని, ఇప్పటికీ న్యూరాలజిస్ట్‌కి చూపించకపోయి ఉంటే ఒకసారి చూపించమని రాశాను. ఎకరం అమ్మొద్దని కూడా. ‘నాన్నగారు ఎలా ఉన్నారు?’ అని అడగడానికి ధైర్యం చాలక, ఆ వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

మెయిల్ వెనక్కి రాలేదు. జవాబు కూడా ఇంకా రాలేదు. ఆ పాత పోస్టు తీసేయలేదు, హెడ్డింగ్ మాత్రం మార్చాను. ఇప్పుడు దానికి రోజుకి ముగ్గురు నలుగురు వస్తున్నారు.